మహాయుద్ధం పాఠం చెప్పిన సారు

మొన్న సోమవారం కొంపల్లిలో కూరగాయలు బేరమాడుతుండగా ఫోన్ మోగింది. మా పాత బడి అటెండరు. "మేడం, సోషల్ సారు పోయిన్రు. పొద్దున చాయ్ తాగుకుంట కూసున్నకాడ్నే ఒరిగిన్రట" అన్నాడు. చేతిలోని వంకాయలు బుట్టలోనే వదిలేసి రావల్కోల్ బస్సెక్కాను.

మేడ్చల్‌లో ఆయనా నేనూ ఏళ్ల తరబడి ఒకే బడిలో పనిచేశాం. నేను కోస్తా నుంచి వచ్చిన లెక్కల టీచర్ని, ఆయన రావల్కోల్ రైతుబిడ్డ. నా యాసకి పిల్లలు నవ్వితే "నవ్వున్రి, నవ్వున్రి. పరీక్షల మార్కులేసేది గీ మేడమే" అని వాళ్ల నోళ్లు మూయించేవారు.

మొదటి ప్రపంచ యుద్ధం పాఠమంటే బడి గోడలు అదిరేవి. పిల్లల్ని దేశాలుగా నిలబెట్టేవారు, ఒకరి భుజమ్మీద ఒకరి చెయ్యి. ముందున్న ఇద్దర్నీ తోసుకోమనేవారు. వరసంతా కుప్పకూలేది. "మా ఊళ్లె గట్టు పంచాది గిట్లనే బిడ్డా. ఏటా దున్నేటప్పుడు వీడొక సాలు గట్టును గోకుతడు, వాడొక సాలు గోకుతడు. గట్టు సన్నగైతది, పగ లావైతది. వీని బామ్మర్దులు, వాని మేనమామలు కట్టెలు పట్టుకొస్తరు. ఆఖరికి తలలు పగిలినోళ్లకు గా గట్టు ఏడున్నదో గూడ తెల్వదు." పిల్లలు పడీ పడీ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

పార్లమెంటు మీద దాడి జరిగాక రెండు దేశాల సైన్యాలూ సరిహద్దుకు చేరాయి. ఆయన ఒక్కగానొక్క కొడుకు రాజస్థాన్ సరిహద్దులో సిపాయి. ఈసారి అటో ఇటో తేలిపోవాల్సిందేనని స్టాఫ్ రూములో మేమంతా ఊగిపోయేవాళ్లం. ఆయన పేపరు ముట్టుకునేవారు కాదు. "వాళ్లు ముందటికి జరిగిన్రని మనం జరుగుడు, మనం జరిగినమని వాళ్లు జరుగుడు. ఇగ ఎనక్కి జరుగుడు ఎవనికి చాతనైతది మేడం?" అన్నారొకసారి.

యుద్ధం రాలేదు. కొడుకు మాత్రం శవమై వచ్చాడు. మన సైన్యం మందుపాతరలు పాతుతుంటే ఒకటి చేతిలోనే పేలిందట.

బడి ఆవరణలో సంతాపసభ పెట్టారు. వచ్చిన నాయకుడు "రక్తానికి రక్తం కావాలి" అని అరిచాడు. పిల్లలు పిడికిళ్లు ఎత్తారు. సారు లేచి మైకు అందుకున్నారు.

"నా కొడుకును శత్రువు సంపలే. మనం పాతిన మందుపాతరనే సంపింది. అటు దిక్కు గూడ పాతుతున్నరు, ఆడ గూడ సస్తున్నరు. నా బిడ్డ పేరు జెప్పి ఇంకొకల బిడ్డను పంపకున్రి."

ఎవరో మైకు ఆపేశారు. కొడుకు పేరు పెడతామన్న వీధికి తర్వాత మరో పేరు పెట్టారు. కొడుకు శవం సాక్షిగా దేశాన్ని తిట్టాడని బజార్లో చెప్పుకున్నారు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరుసటేడు ఆ పాఠం రోజున పిల్లలు పిలవకుండానే హుషారుగా వరస కట్టారు. "కూసోన్రి బిడ్డా. ఈసారి పుస్తకం సదువుకుందం" అన్నారాయన.

మందుపాతరలున్న నేల మీద ముందువాడి అడుగులోనే అడుగెయ్యాలని, కొడుకుతో పనిచేసిన సిపాయి ఒకతను ఇంటికొచ్చి చెప్పాడట. సారు రిటైరయ్యాక ఒక వానాకాలం వాళ్లూరు వెళ్లాను. దంపతులిద్దరూ దుక్కిలోంచి వస్తున్నారు. ముందు ఆమె. వెనక సారు తల వంచుకుని, బురదలో ఆమె పాదం పడ్డ చోటే తన పాదం పెడుతున్నారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఆయనకు అందేలా అడుగులు దగ్గర దగ్గరగా వేస్తున్నారు.