సగంలో తీసిన మాల

మా అత్తగారు కనకమహాలక్ష్మి గట్టి మనిషి. మామగారు రైల్వేలో పట్టాల గ్యాంగ్ పని చేస్తూ రైలు కింద పడి పోతే, ఆ ఉద్యోగం తను తీసుకుని, ఈ హిందీ ఊళ్లోనే తార్‌బహార్ రైల్వే పేటలో ఉంటూ ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఆవిడకి ఎదురు చెప్పాలంటే అల్లుణ్ణైన నాకే కాదు, రిటైరయ్యేదాకా ఆవిడ ఆఫీసర్లకీ జంకే.

అలాంటావిడ, కొడుకు జయప్రకాష్ మెడలో గడ్డ క్యాన్సరని తేలగానే బెంబేలెత్తిపోయింది. గురుస్వామి అమ్మన్నగారి చేత వాడికి అయ్యప్ప మాల వేయించింది. మాలలో ఉన్నాడు కాబట్టి కన్నకొడుకునే ‘సామీ’ అని పిలిచేది. జ్వరం తగ్గితే మాల మహిమంది. మాత్రల మహిమని నేను లోపల్లోపల గొణుక్కున్నాను.

రేపు కీమో అనగా డాక్టరు అసలు సంగతి చెప్పాడు. ఆ మందులతో పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చు. ముందే వీర్యం ఇస్తే ల్యాబులో భద్రపరుస్తారు. గడ్డ శ్వాసనాళాన్ని నొక్కుతోంది కాబట్టి కీమో ఆపడానికి లేదు. ల్యాబు ఆ రోజు మధ్యాహ్నానికే మూసేస్తారు. వాడికి పెళ్లై ఏడాది కూడా కాలేదు.

“దీక్షలో బ్రహ్మచర్యం బావా. నావల్ల కాదు,” అన్నాడు వాడు ఇంటికి రాగానే తల దించుకుని.

“అయితే మాల తీసెయ్.”

“ఎవరు తీస్తారో చూస్తాను!” అంటూ అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. “సగంలో తీస్తే నా కొడుక్కేటైనా అయితే నువ్వు తెచ్చిస్తావేటి బాబూ?”

నాకు ఒళ్లు మండింది. కానీ వాదించే టైం లేదు. మాల వేసినాయన చెబితే వింటుందని స్కూటరేసుకెళ్లి అమ్మన్నగారిని తీసుకొచ్చాను.

ఆయన అంతా విన్నాడు. “ఏసింది నేనే. కానీ దీక్ష అయ్యాక తీసేది తల్లే కదమ్మా. నువ్వు కాదంటే నేను ముట్టను.”

పెద్దమనిషి తప్పించుకున్నాడనుకుని ఆయన మీదా మండిపడ్డాను. గడియారం చూస్తే ల్యాబు మూసే వేళ దగ్గరపడుతోంది.

అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డ వాడి భార్య భానుప్రియ నోరు విప్పింది. “రహనే దో అన్నయ్యా, వదిలెయ్యండి. అత్తమ్మా, నాకు ఆయనుంటే చాలు. పిల్లలు లేకపోయినా ఫర్వాలేదు. మాల ఉంచెయ్యండి.”

అత్తయ్య కోడలి వైపు తిరిగింది.

“మీ మావ పోయిన్నాడు ఈ పిల్లలిద్దరూ లేకపోతే నేను కూడా ఆ పట్టాల మీదే పడుకుందును,” అంది. “ఉన్నారు కాబట్టే లెగిసేను.”

దేవుడి ముందు దీపం వెలిగించింది. కొడుకు మెడలోంచి మాల తీసి, అమ్మన్నగారి చేతిలో పెట్టి, తన తల వంచింది.

“నాకెయ్యి గురుసామీ. నాకు అరవై దాటింది, అడ్డేటీ లేదు. మిగిలిన దీక్ష నేను చేస్తాను.”

ఆయన శరణుఘోష చెబుతూ వేశాడు.

“లెగరా జయా, ల్యాబు మూసేస్తారు,” అంది అత్తయ్య. ఆవిడ వాణ్ణి పేరుపెట్టి పిలవగా విని ఎన్నాళ్లయిందో. నాకు ఏడుపొచ్చింది.

ల్యాబు తలుపులు వేయకముందే పని పూర్తయింది. ఇంటికి రాగానే జయప్రకాష్, నల్లచీరలో పూజకు కూర్చున్న తల్లి పాదాలు పట్టుకున్నాడు.

“సామీ,” అన్నాడు.