ఆరని మూల

జయశీలకు చిన్నప్పటి నుంచీ మనసు కుదురుగా ఉండేది కాదు. నరసాపురంలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని లేసు అల్లేటప్పుడు, పువ్వు సగంలో ఉండగానే చివరికి దారం సరిపోతుందో లేదోనని ఉండను తిప్పి తిప్పి చూసుకునేది. పెళ్ళయి సుందర్‌రాజ్ ఉద్యోగం వెంట జర్మనీలోని లైప్‌జిగ్ వచ్చాక ఆ గుణం తగ్గకపోగా ఇంకాస్త ముదిరింది. పొయ్యి కట్టేశానా లేదా అని ట్రామ్ స్టాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. తెలుగు ఆరాధనకు బిర్యానీ వండి తీసుకెళితే, అందరూ తిని చేతులు కడుక్కునేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు.

అలాంటి మనిషి నలభై దాటాక సొంతంగా కొట్టు పెడతానంది. బట్టలు సరిచేసే కొట్టు. ప్యాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం, అడిగినవాళ్ళకు కిటికీలకు లేసు తెరలు అల్లివ్వడం. వాళ్ళుండే బిల్డింగులోనే కింద, వీధి వైపు ఒక గది చాలాకాలంగా ఖాళీగా పడి ఉంది. గోడలు బాగానే ఉన్నాయి గానీ నేల మాత్రం చూడబుద్ధి కాకుండా ఉంది. పాత లినోలియం ఊడబెరికితే కింద మచ్చలు మచ్చలుగా సిమెంటు బయటపడింది.

ఆ నేలమీద నాణేలు పరుద్దామన్న ఆలోచన జయశీలదే. ఎక్కడో ఒక కాఫీ కొట్టులో నాణేలు పేర్చి, పైన అద్దంలాంటి రెసిన్ పోసిన బల్ల చూసింది. ఇక్కడ ఏ ఇంట్లో చూసినా వంటింటి సొరుగులో ఒక సెంటు, రెండు సెంట్ల బిళ్ళలు పేరుకుని ఉంటాయి. వాటిని ఎవరూ ఖర్చుపెట్టరు, ఎవరూ పారేయరు. చర్చిలో ఒక మాట చెబితే చాలు, జనం జామ్ సీసాల్లో పోసి తెచ్చిచ్చారు. జయశీల మోకాళ్ళకింద దిండు వేసుకుని, మెరిసే బిళ్ళలతో రేకులు, నల్లబడ్డ బిళ్ళలతో నేపథ్యం పెడుతూ, వాళ్ళమ్మ అల్లే లేసు పువ్వునే గది నిండా పరిచింది. శీతాకాలమంతా ఆ పనితోనే గడిచింది.

మూడో అంతస్తులో ఉండే ఫ్రావ్ లిండ్నర్, అంటే శ్రీమతి లిండ్నర్, అప్పుడప్పుడూ కర్ర ఊతంతో దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసేది. ఎనభై దాటిన మనిషి. భర్త వెర్నర్ తూర్పు జర్మనీ రోజుల్లో దూరప్రయాణపు రైళ్ళలో, భోజనాల పెట్టెలో పనిచేసేవాడట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఒకరోజు ఆమె పెద్ద గాజు జాడీ ఒకటి మోయలేక మోసుకుని వచ్చింది.

"ఫ్రావ్ సుందర్‌రాజ్, ఇవి కూడా వేసేయండి. వెర్నర్‌వి. తలుపు దగ్గరే వేయాలి, అందరి కాళ్ళూ పడే చోట."

జాడీ నిండా పాత తూర్పు జర్మనీ అల్యూమినియం బిళ్ళలు, హంగరీవి, బల్గేరియావి, పోలండువి. పోయిన మనిషి దాచుకున్నవి తన చేతికి వచ్చాయనుకుంటే జయశీలకు గుండె బరువెక్కింది. గుమ్మం పక్క మూలను వాటికే కేటాయించింది. ఒక్కో బిళ్ళనూ తుడిచి, బొమ్మ పైకి కనిపించేలా అంటించింది. ఈలోగా ఫ్రావ్ లిండ్నర్ డ్రెస్డెన్‌లో కూతురి దగ్గరికి మారిపోవడం ఖాయమైంది. శనివారం ఉదయం సామాను బండి వస్తుంది. "వెళ్ళేలోపు ఒక్కసారి దానిమీద నడవాలి నేను," అంది ఆమె. సోమవారం కొట్టు తెరవాలి. జయశీల మంగళవారం రెసిన్ పోయడానికి నిశ్చయించుకుంది.

రెసిన్ రెండు డబ్బాల్లో వస్తుంది. ఒకదానిలో చిక్కటి ద్రవం, రెండోదానిలో దాన్ని గట్టిపరిచే మందు. రెండూ చెప్పిన పాళ్ళలో కలిపితేనే రాయిలా బిగుసుకుంటుంది. కలిపాక కాస్సేపే టైము, తర్వాత బకెట్టులోనే గడ్డకడుతుంది. జయశీల వంటింటి తూకం మిషను తెచ్చుకుని, తూచి తూచి కలిపి, గది చివరి నుంచి గుమ్మం వైపు పోసుకుంటూ వచ్చింది. సుందర్‌రాజ్ వేడిగాలి మిషనుతో బుడగలు చిట్లగొడుతూ వెనకాలే వచ్చాడు. అంతా అనుకున్నట్టే జరిగింది. ఆఖరి బకెట్టు దగ్గర తూకం మిషను బ్యాటరీ అయిపోయింది. సొరుగుల్లో వెతికినా ఆ సైజు దొరకలేదు. అవతల పోసిన రెసిన్ అంచు చిక్కబడుతోంది. ఆలస్యమైతే అతుకు కలవదు. జయశీల పాలు కొలిచే జగ్గు తీసుకుని, ఆ గీతల లెక్కన కలిపి గుమ్మం మూలంతా పోసేసింది.

బుధవారం ఉదయం వచ్చి చూస్తే నేలంతా నిండు బావిలో నీళ్ళలా తళతళలాడుతోంది. చేతికి తొడుగు వేసుకుని, గుమ్మం బయటి నుంచే వంగి మూలలో వేలు ఆనించింది. వేలు అంటుకుంది. లాగితే పనసపాలలా సాగింది.

"ఏమండీ, ఒక్కసారి కిందికి రండి," అని ఫోన్ చేసింది.

సుందర్‌రాజ్ ఇంట్లోంచి పనిచేసే రోజది. చెవిలో మీటింగు ఇయర్‌ఫోనుతోనే దిగి వచ్చాడు.

"ఇంకాస్త టైము పడుతుందేమో జయా. చలిగా ఉంది కదా."

"మిగతాదంతా రాయిలా ఉందండీ. ఇదొక్కటే ఇలా ఉంది. ఇది ఆరదు. నాకు తెలుస్తోంది."

"పోనీ శనివారం దాకా దీనిమీద కాళ్ళు తుడుచుకునే పట్టా ఏదైనా వేసేస్తే?"

"పట్టా అంటుకుపోదూ? అయినా ఆవిడ నడుస్తానన్నదే ఈ మూలమీదండీ. పట్టా చూపించి పంపించేయమంటారా?"

సుందర్‌రాజ్ తల అడ్డంగా ఊపాడు. మీటింగులో ఎవరో పిలిస్తే, "నువ్వు ముందు ఆ కంపెనీవాళ్ళకు ఫోన్ చెయ్యి," అని పైకి వెళ్ళాడు.

డబ్బామీద సలహాల కోసమని ఒక నంబరు ఉంది. జయశీలకు జర్మన్ ఎదురుగా మనిషి ఉంటే వస్తుంది, ఫోన్లో అయితే సగం ఎగిరిపోతుంది. చెప్పాల్సిన మాటలు రెండుసార్లు పెదాల మీద అనుకుని, ప్రభువా అనుకుంటూ నొక్కింది. అవతలి మనిషి గడగడా మాట్లాడాడు. "కాస్త నెమ్మదిగా చెప్పండి, దయచేసి," అంది. అతను నెమ్మదించి ఒకటే ప్రశ్న అడిగాడు.

"తూకంతో కలిపారా, కొలతతో కలిపారా?"

ఆ ప్రశ్న వినగానే ఆమెకు తెలిసిపోయింది. రెండు ద్రవాలకూ బరువు ఒకటి కాదు. జగ్గు గీత దగ్గర సరిగ్గా కనిపించిన పాళ్ళు తూకంలో తప్పిపోయాయి.

"ఇక అది బిగుసుకోదండీ," అన్నాడతను. "నెల ఆగినా అంతే. మెత్తగా ఉన్నంతా గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, గట్టిపడిన అంచును గరుకుకాగితంతో రుద్ది, మళ్ళీ పోయాలి. గది వెచ్చగా ఉంచండి. తొడుగులు, మాస్కు మరిచిపోకండి."

ఫోన్ పెట్టేశాక జయశీల మెట్లమీద కూర్చుండిపోయింది. గీకడమంటే ఆ బిళ్ళల్ని గీకడమే. చర్చివాళ్ళ సెంటు బిళ్ళలైతే పోయినా మళ్ళీ తేవచ్చు. వెర్నర్ బిళ్ళలు ఎక్కడి నుంచి తెస్తుంది? మూడో అంతస్తులో తలుపు చప్పుడైతే చాలు, తప్పు చేస్తూ పట్టుబడినట్టు ఉలిక్కిపడుతోంది.

అయినా లేచింది. పాత గరిటె, బల్లపరుపు రేకు తెచ్చుకుంది. మొదటి గీకుకే జిగురుతోపాటు నాలుగైదు బిళ్ళలు ఊడి వచ్చాయి. అల్యూమినియంవి మరీ పలచన. రేకు అంచు తగిలి ఒకటి వంగిపోయింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, సరిచేయబోయి, విరుగుతుందేమోనని ఆగి, అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఏమైంది?"

తల ఎత్తితే గుమ్మం బయట ఫ్రావ్ లిండ్నర్, కర్ర ఊతంతో, చేతిలో పోస్టులో వేయాల్సిన కవరు.

జయశీలకు జర్మన్ మొత్తం ఆవిరైపోయింది. "తప్పు నాదేనండీ, తూకం చూసుకోలేదు, ఏం చెయ్యాలో తెలీక..." అని తెలుగులో మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, మళ్ళీ మొదటి నుంచి వచ్చీ రాని మాటలతో చెప్పింది. వంగిన బిళ్ళ కూడా చూపించింది. దాచిపెట్టే తెలివి ఆ క్షణాన రాలేదు.

ఫ్రావ్ లిండ్నర్ అంతా విని, "ఒక స్టూలు వేయండి. తొడుగులు ఇవ్వండి," అంది.

వాకిట్లో స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో పాత టవలు పరుచుకుని, ఊడివచ్చిన బిళ్ళల్ని స్పిరిట్ గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. జయశీల లోపల గీకుతోంది. ట్రామ్ వెళ్ళినప్పుడల్లా అద్దాలు కదులుతున్నాయి.

"ఇది బుడాపెస్ట్," అంది ఫ్రావ్ లిండ్నర్ ఒక బిళ్ళ ఎత్తి. "ఇది సోఫియా. దీని ఊరు తెలీదు. వెళ్ళిన ప్రతిసారీ వచ్చి జేబు ఈ జాడీలో దులిపేవాడు. నన్ను ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. రైల్లో పనిచేసేవాళ్ళ భార్యలకు చోటు ఉండదన్నాడు. నేను నమ్మాను. ఆయన పోయాక అంత్యక్రియల దగ్గర ఆయనతో పనిచేసిన ఒకాయన భార్య నాతో చెప్పింది, తాను ఆ రైల్లోనే మూడు వేసవులు సముద్రం దాకా వెళ్ళొచ్చానని."

జయశీల చేయి ఆగింది.

"మీరు వీటిని ఎందుకంత భక్తిగా తుడుస్తున్నారో నాకు అర్థం కాలేదు," అంది ముసలామె. "నేను గుమ్మం దగ్గర వేయమన్నది అందరూ తొక్కుతారని."

జయశీలకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉదయం నుంచీ గుండెల మీద మోస్తున్న బరువులో సగం దిగిపోయింది. దిగినందుకు వెంటనే సిగ్గేసింది. ఎదుటి మనిషి ఇన్నేళ్ళ బాధ చెబుతుంటే తనకు తేలికగా ఉండడమేమిటి?

"మరి ఇప్పుడు... మానేయమంటారా?"

"ఎందుకు మానేస్తారు? వంగినదాన్ని కూడా వేయండి." ఇంకో బిళ్ళ అందుకుని, "మిమ్మల్ని మీ ఆయన ఎక్కడికైనా తీసుకెళ్ళాడా?" అని అడిగింది.

"ఇక్కడికి తీసుకొచ్చారండీ."

"లైప్‌జిగ్‌కా?" అని ఫ్రావ్ లిండ్నర్ దగ్గు వచ్చేదాకా నవ్వింది.

లేచేటప్పుడు తుడిచిన బిళ్ళలన్నీ టవల్లోంచి గిన్నెలోకి వంపింది. ఒక బిళ్ళను మాత్రం వేళ్ళ మధ్య పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, స్వెట్టరు జేబులో వేసుకుంది. జయశీల చూసింది గానీ అది ఏ ఊరిదని అడగలేదు.

వంగినదానితో సహా బిళ్ళలన్నీ తిరిగి అంటించి, గురువారం మళ్ళీ రెసిన్ పోశారు. ఈసారి కొత్త బ్యాటరీ వేసి, అది చాలక రాజ్యశ్రీ వాళ్ళింటి తూకం మిషను కూడా తెప్పించి, రెండింటిమీదా తూచింది. రాజ్యశ్రీ అక్కడే యూనివర్సిటీలో చదువుకుంటున్న హైదరాబాదు పిల్ల. "ఆంటీ, రెండూ సేమ్ చూపిస్తున్నయ్, ఇంకెందుకు పరేషాన్ అయితున్నరు," అంది. జయశీల మూడోసారి కూడా తూచాకే కలిపింది. హీటరు పెట్టి తలుపు మూశారు. ఇక చేయగలిగింది లేదు. ఏమీ చేయలేకపోవడమే ఆమెకు అన్నిటికన్నా కష్టం. శుక్రవారమంతా పైకీ కిందికీ తిరిగింది. పొద్దున ముట్టుకుంటే ఇంకా కాస్త మెత్తగా తగిలింది. మధ్యాహ్నం తొడుగు అంటుకోలేదు గానీ గోరు గుచ్చితే గుంట పడింది. "గుచ్చితే పడదా మరి? దాన్ని వదిలెయ్యి జయా," అన్నాడు సుందర్‌రాజ్. ఆ రోజు ఆమె అన్నం కూడా నిలబడే తింది.

శనివారం బండి వచ్చింది. మనుషులు అల్మారాలు దింపుతుండగా ఫ్రావ్ లిండ్నర్ కోటు వేసుకుని, మంచి బూట్లు తొడుక్కుని దిగింది. జయశీల తలుపు తీసి పక్కకు తప్పుకుంది. తెల్లవారుతూనే వచ్చి చూసుకుంది, గట్టిగానే ఉంది. అయినా ఆ బూటు నేలను తాకేదాకా ఊపిరి బిగబట్టే ఉంది.

ఫ్రావ్ లిండ్నర్ మూల మధ్యలోకి వెళ్ళి, కర్ర పక్కన పెట్టి, రెండు కాళ్ళమీదా బరువు మోపి నిలబడింది. తర్వాత కుడికాలు ఎత్తి గట్టిగా ఒక్కసారి తొక్కింది.

"గట్టిగానే ఉంది," అంది. వంగి చూసి, "ఇక్కడ గీత కనిపిస్తోంది."

"అతుకండీ. కొత్తదీ పాతదీ కలిసిన చోట. ఎంత రుద్దినా పోలేదు."

"ఇక్కడ బుడగ కూడా ఉంది."

"అవునండీ."

ఆమె కిందికి చూస్తూ అక్కడే చాలాసేపు నిలబడింది. ఆ చూపులో కోపముందో, ఇంకేదైనా ఉందో జయశీలకు అర్థం కాలేదు. కూతురు వచ్చి పిలిస్తే, జయశీల చేయి ఒకసారి నొక్కి వదిలి, కారెక్కి వెళ్ళిపోయింది.

సోమవారం కొట్టు తెరిచారు. చర్చివాళ్ళు వచ్చి ప్రార్థన చేసి, కేకు తిని, తమ సీసాల్లోని బిళ్ళలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ ఫోటోలు తీసుకుని వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక మొదటి బేరం వచ్చింది. ఒకావిడ చంటిబిడ్డను చంకనేసుకుని, చేతిలో పిల్లల కోటుతో హడావుడిగా లోపలికి వచ్చింది. నేలవైపు చూడనైనా చూడలేదు. తడి బూట్లతోనే గుమ్మం మూల దాటి బల్ల దగ్గరికొచ్చి, "జిప్పు పాడైంది. ఎప్పటికి ఇస్తారు?" అని అడిగింది.

జయశీల కోటు తిప్పి చూసింది. జిప్పు మొత్తం మార్చనక్కర్లేదు, కింద పళ్ళు రెండు విరిగాయంతే.

"కూర్చోండి," అంది. "ఇప్పుడే ఇచ్చేస్తాను."