ముందే ఇచ్చిన రెండు గేములు

వుడ్‌ల్యాండ్స్ హాకర్ సెంటర్‌లో, తిండి అంగళ్ల మధ్య, నా బల్ల దగ్గరే కూర్చున్న ఫిలిప్పీన్స్ పెద్దాయన ఫోన్‌లో బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట చూస్తున్నాడు. ఆడేవాళ్లిద్దరూ వాళ్ల దేశస్థులే. ఒకరు ముసలాయన, పాత ఛాంపియన్; ఇంకొకడు కుర్రవాడు.

“ఇద్దరిలో ఎవరు గొప్ప, అంకుల్?”

“మా దగ్గర గొప్పోడు అవతలివాడికి రెండు గేములు గెలిచినట్టే లెక్కగట్టి ముందే ఇచ్చి ఆట మొదలుపెడతాడు. మా ముసలాయన ఇన్నేళ్లూ అందరికీ ఇచ్చాడు.”

చివరి బంతి పడింది. ముసలాయన గెలిచాడు. గెలిచినవాడే మొనగాడనే ఊరివాణ్ణి కదా, సంబరంగా చెయ్యి చాచాను. పెద్దాయన అందుకోలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

“మీ ముసలాయనే గెలిచాడుగా!”

“గెలిచాడు లా,” అని ఇక్కడి యాసలో అంటూ ఫోన్ బోర్లించాడు. “కానీ ఈసారి ఆ రెండు గేములూ కుర్రాడిచ్చాడు. మా ముసలాయన పుచ్చుకున్నాడు.”