కలెక్టరుకు పచ్చి మాంసం

మా వీధి మొత్తం పట్టపగలు తలుపులు వేసుకుని, కిటికీ సందుల్లోంచి నన్ను చూసి వణికిన రోజు ఒకటుంది. ఇంటి ముందు కర్రలు పట్టుకున్న మనుషులు, అరుగు మీద ఏడుస్తున్న అమ్మ, చేతిలో గ్లాసు నీళ్లు పట్టుకుని మింగలేక గుడ్లు తేలేసిన నేను. ఇంత ఘోరానికి కారణం దొంగలు కాదు, దయ్యాలు కాదు. పాతికేళ్లు నిండి, బుర్ర మాత్రం ఇంకా నిండని నేనే. మీరు హాయిగా నవ్వుకోవచ్చు. ఆ రోజు మాత్రం మాలో ఒక్కరికీ నవ్వు రాలేదు.

మార్కాపురంలో నాకు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. బాగైన ఫోను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలంటే అందులో ఏదో ఒక వీడియో పెట్టాలి కదా. అలా వృత్తిధర్మం కోసం చూస్తూ చూస్తూ నేను అన్ని శాస్త్రాల్లోనూ పండితుణ్ణయిపోయాను. ఒకరోజు అందులో కండలు తిరిగిన మనిషొకడు, గుర్రమంత కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని కనిపించాడు. "కుక్కంటే తోడేలు. తోడేలుకు అడవిలో అన్నం వండిపెట్టిందెవరు? పచ్చి మాంసమే దాని ఆహారం!" అన్నాడు. ఆ ప్రశ్న నా గుండెల్లో గునపంలా దిగబడింది. నిజమే, ఎవరు వండిపెట్టారు?

ఇంటికి వెళ్లి మా కుక్కను చూశాను. దాని పేరు కలెక్టర్. పొద్దున్నే లేచి వీధిలో ప్రతి గడపా వాసన చూసి, ఎవరింట్లో ఏం జరుగుతోందో తనిఖీ చేస్తేగానీ వచ్చి పడుకోదని మా నాయన పెట్టిన పేరది. ఊరకుక్కే. బక్కగా, ఎర్రగా ఉంటుంది. నేను వెళ్లేసరికి ఆ నల్లమల తోడేళ్ల వారసుడు సంగట్లో మజ్జిగ కలిపిస్తే ఆనందంగా నాకుతోంది. నాకు కడుపు తరుక్కుపోయింది.

"అమ్మా, రేపటి నుంచి దీనికి సంగటి పెట్టొద్దు" అన్నాను.

"మరేం పెట్టాల? పులిహోరనా?"

"పచ్చి మాంసం. కోడి మెడకాయలు, మేక పక్కటెముకలు, లివరు. ఉడకబెట్టకూడదు."

"ఉడకబెట్టకుంటే కడుపులో పురుగులు పడవంట్రా?"

"తోడేళ్లకు పడుతున్నాయా?"

"తోడేళ్లను ఎవురన్నా అడిగినారా?"

ఈ ప్రశ్నకు వీడియోలో జవాబు లేదు. అందుకని చదువు లేనివాళ్లతో వాదన అనవసరమని పెద్దమనసుతో వదిలేశాను.

మర్నాటి నుంచి కలెక్టరుకు రాజభోగం. పొద్దున్నే మాంసం తెచ్చి, వంటింట్లో నేనే స్వయంగా ముక్కలు కోసి పెట్టేవాణ్ణి. కలెక్టరు ముక్కల్ని నమలకుండానే మింగి, నెత్తురు మూతితో వీధి తనిఖీకి బయల్దేరేది. కనబడిన వాళ్లందరి చేతులూ కాళ్లూ ప్రేమగా నాకేది. పక్కింటి దానమ్మ పిన్ని దగ్గరికి తీసుకెళ్లి, "చూడు పిన్నీ, బొచ్చు ఎట్ల మెరుస్తుందో!" అని చూపించాను. పిన్ని పరీక్షగా చూసి, "నూనె పూసినావా నాయనా?" అంది. నేను గర్వంగా నవ్వాను. ఊళ్లో కుక్కలన్నింటినీ తోడేళ్లుగా మార్చాక నాకు చేయబోయే సన్మానం కూడా ఊహించుకున్నాను. సన్మానం జరిగింది లెండి. కర్రలతో వచ్చారు.

అది ఆదివారం. దానమ్మ పిన్ని చర్చి నుంచి అప్పుడే వస్తోంది. నేను అరుగు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాను. ఉన్నట్టుండి పిన్ని గావుకేక పెట్టింది.

"కేశవా! ఈ కుక్కకేమైందిరా?"

తల ఎత్తి చూశాను. వీధి మధ్యలో కలెక్టరు నిలబడి ఉంది. నోరు తెరిచి ఉంది, మూతపడటం లేదు. చొంగ దారాలు దారాలుగా నేల దాకా వేలాడుతోంది. తల అటూ ఇటూ విదిలించుకుంటూ, ముందరి కాళ్లతో మూతిని గీరుకుంటూ, అంతవరకూ నేనెప్పుడూ వినని గొంతుతో ఒక రకంగా మూలుగుతోంది. దాని కళ్లు నన్ను చూస్తున్నాయి గానీ నన్ను గుర్తుపట్టినట్టు లేవు.

"కలెక్టర్..." అంటూ దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాను. గుర్రుమని తల విసిరింది. దాని పన్ను నా మణికట్టు మీద సన్నగా గీసుకుపోయింది. ఎర్రటి గీత, దాని మీద ఒక చిన్న నెత్తుటి బొట్టు.

"ఓ దేవా! కలెక్టరుకు పిచ్చి పట్టింది! కలెక్టరు కరిసినాడు!" అని పిన్ని అరుస్తూ పరిగెత్తింది.

వీధి మొదట్లో మోటారుసైకిలు మీద పోతున్న కొత్త మనిషెవరో ఆగి, "ఏ జిల్లా కలెక్టరమ్మా?" అని అడిగాడు. చెప్పే తీరిక ఎవరికీ లేదు. తలుపులు ధనధనా మూసుకున్నాయి.

కలెక్టరు మూలుగుతూనే మా పెరట్లో కట్టెల గదిలోకి పోయి మూలన నక్కింది. నాయన వెనకాలే వెళ్లి జాలీ తలుపు గడియ పెట్టాడు. అమ్మ నన్ను కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్లి, నీళ్లు ధారగా వదిలి, సబ్బుతో నా చెయ్యి తోమింది. మాడిన గిన్నెను కూడా అలా తోమగా నేను చూడలేదు.

నాయన మెల్లగా అన్నాడు: "పిచ్చి పట్టిన కుక్క నీళ్లంటే భయపడతాదంట. సూద్దాం."

తలుపు కింది సందులోంచి నీళ్ల చిప్ప లోపలికి నెట్టాడు. కలెక్టరు దాహంగా వచ్చింది. మూతి పెట్టింది. వెంటనే కుయ్యిమని ఎగిరి వెనక్కి పడి, చిప్పకేసి చూస్తూ వణికిపోయింది.

మేం ముగ్గురం ఒకేసారి తలుపుకు దూరంగా జరిగాం.

అప్పుడు వచ్చింది నాకు అసలు భయం. ఈ రోగం వస్తే మందు లేదని ఎవరో చెప్పగా విన్నాను. నేను చచ్చిపోతాను సరే. మాంసం మొదలుపెట్టిన ఈ పదిహేను రోజుల్లో అది నాకని మనిషి వీధిలో లేడు. దానమ్మ పిన్ని కాలి మడమ పగుళ్లు నాకింది. అమ్మ మొహం నాకింది. ఊరంతా నా వల్ల పోతుందని లెక్కేసుకున్నాను. నాకూ నీళ్ల భయం ఉందేమో చూసుకుందామని గ్లాసు ఎత్తాను. చెయ్యి వణికి, పళ్లు గ్లాసుకు టకటకా కొట్టుకుని, మొదటి గుక్కే పొలమారి ముక్కులోంచి బయటికొచ్చింది.

"నాయనా! నీళ్లు దిగట్లేదు!" అన్నాను.

అమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో, నా కొడుక్కు కూడా వచ్చెనే!"

ఈ మాట వినగానే అప్పటిదాకా మా గేటు దగ్గర ధైర్యంగా నిలబడ్డ మగవాళ్లంతా కలిసికట్టుగా నాలుగడుగులు వెనక్కి వేశారు. వాళ్ల చేతుల్లో దుడ్డుకర్రలున్నాయి.

"సుబ్బయ్యన్నా, కుక్కను బయటికి తోలు. కొట్టేస్తాం. పిల్లోళ్లు తిరిగే వీధి ఇది" అన్నాడు ఒకాయన నాయనతో. తర్వాత నా వైపు చూసి, "అబ్బాయిని కూడా గదిలో ఏస్తే మేలు" అన్నాడు.

నాయన నా మొహం చూశాడు. జాలీ వెనక కలెక్టరు నోరు తెరుచుకుని చూస్తోంది. నా చేత్తో నేనే కోసి తినిపించిన కుక్క. ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, జాలీ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

"పశువుల డాక్టరమ్మను పిలిపిద్దాం. ఆమె వచ్చేదాకా ఒక్కరు కూడా ముట్టుకోకండి. ముట్టుకుంటే... ముట్టుకుంటే కరుస్తా!"

ఆ క్షణంలో నా మాటను అనుమానించినవాడు లేడు. మళ్లీ నాలుగడుగులు వెనక్కి.

నాయన ఫోను చేస్తే, ఆదివారమని చూడకుండా పశువుల డాక్టరమ్మ స్కూటరు మీద వచ్చింది. ముందుగా నన్ను పక్కకు జరగమని, జాలీలోంచి చాలాసేపు చూసింది.

"దీనికి పిచ్చికుక్క టీకా ఏయించినారా?"

"ఏయించినాం మేడం. మొన్న ఎండాకాలం మీరే ఏసినారు" అన్నాడు నాయన.

"ఈ మధ్య ఏం పెడుతున్నారు?"

అందరూ నా వైపు చూశారు. నేను నా చెప్పుల వైపు చూశాను.

"పచ్చి మాంసం" అన్నాను.

"బొక్కలతోనా?"

"బొక్కలతోనే. తోడేళ్లు..."

"తోడేళ్ల సంగతి తర్వాత."

ఆమె మోచేతుల దాకా మందపాటి తొడుగులు వేసుకుంది. కర్రకు కట్టిన ఉచ్చుతో కలెక్టరును కదలకుండా పట్టించి, సూది వేసి మత్తులోకి దించింది. టార్చిలైటు వేసి నోరు తెరిచింది. ఒక పట్టకారు లోపలికి పోయింది. టక్కుమని శబ్దం.

పట్టకారు చివర చిటికెన వేలంత మేక పక్కటెముక ముక్క.

"అంగిట్లో అడ్డంగా ఇరుక్కునింది, ఈ పక్క పన్ను నుంచి ఆ పక్క పన్నుకు. నోరెట్ల మూస్తాది? నీళ్లెట్ల తాగుతాది? ఇదే గొంతులోకో పేగులోకో పోయింటే కుక్క దక్కేది కాదు."

నేను అక్కడే కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. అమ్మ కలెక్టరు తల ఒళ్లో పెట్టుకుంది. కర్రల వాళ్లు కర్రలు వీపు వెనక దాచుకుని, ఎండ గురించి మాట్లాడుకున్నారు.

డాక్టరమ్మ మాత్రం నన్ను వదల్లేదు. "పచ్చి లివరు కూడా పెట్టినావా? పురుగు బిళ్లలు రాసిస్తా. ఆ పురుగులు కుక్కతో ఆగవు, మనుషుల కడుపులోకీ వస్తాయి. మాంసం యాడ కోసినావు?"

"వంటింట్లో."

"దేని మీద?"

"కూరగాయలు తరిగే చెక్క మీద."

అమ్మ తల మెల్లగా నా వైపు తిరిగింది. ఆ చూపు ముందు పిచ్చికుక్క ఎంత?

"దాని మీదనే నీ ఉల్లిపాయలు కూడా కోసుకొని తింటివి కదరా!"

డాక్టరమ్మ నిట్టూర్చింది. "నువ్వు రేపు పెద్దాసుపత్రికి పోయి ఆ గీరుకు సూదులు ఏయించుకో. కుక్కను నేను వచ్చి చూస్తుంటా. నీ కడుపు సంగతి నువ్వు చూసుకో."

చూసుకోవాల్సిన పని లేకుండా, కడుపే నన్ను చూసుకుంది. తెల్లారేసరికి చలిజ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, ఇంకా ఇక్కడ రాయలేని సంగతులు. సూదుల కోసం పోయినవాణ్ణి మంచమెక్కి, సెలైనుతో అక్కడే ఉండిపోయాను.

"ఏం తిన్నావు?" అని అడిగింది నర్సు.

"నేను తినలేదక్కా, మా కుక్క తినింది."

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి, చీటీలో ఏదో రాసుకుని పెద్ద డాక్టరును పిలవడానికి పోయింది.

సాయంత్రం నాయన టిఫిను క్యారియరుతో వచ్చాడు. సగ్గుబియ్యం జావ. ఆకలితో ఆత్రంగా సగం తాగాక అడిగాను:

"కలెక్టరు ఎట్ల ఉంది నాయనా?"

"బ్రహ్మాండం. నోరు నొప్పి కదా, మీ అమ్మ మెత్తగా జావ కాసింది. కడుపునిండా తాగి వీధి తిరగను పోయింది."

"మరి నాకు?"

"నీకు వేరేగా ఎందుకులే అని, అది తాగంగా మిగిలింది తెచ్చినా. భయపడొద్దు, బాగా ఉడికించిందే."

కాబట్టి సభాముఖంగా, ఎక్కిన సెలైనూ వేయించుకున్న సూదులూ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో కుక్కకు గానీ, పిల్లికి గానీ, ఎదురుపడి అడిగితే తోడేలుకు గానీ, పొయ్యి మీద కుతకుతా ఉడకని ముక్క నా చేత్తో పెట్టను. కాదు, మాకు పచ్చిదే కావాలని పట్టుబడితే, ముందు మా అమ్మతో మాట్లాడుకొమ్మని పంపిస్తాను.