మోగని మూడు ఫోన్లు

మా ఆయన రవీందర్‌కు ఏ పనీ సగంలో వదిలే అలవాటు లేదు. గేటుకు తాళం వేస్తే లాగి చూస్తాడు, రెండడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చి లాగుతాడు. గ్యాస్ కట్టేశానని నేను మొత్తుకున్నా వంటింట్లోకి వెళ్లి చూసి వస్తాడు. నా మాటంటే అంత చులకనా అని ఎన్నిసార్లు కసురుకున్నానో లెక్కలేదు. అంత జాగ్రత్త మనిషి చేతుల మీదుగా ఇంత ఘోరం జరిగిందంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో మాది మూడంతస్తుల ఇల్లు. కింద మేం, పైన కిరాయికుండే ఐటీ పిల్లలు. ఈ చుట్టుపక్కల కిరాయిలోనే వైఫై కూడా కలిపి ఇస్తారు. పాస్‌వర్డ్ మా మెట్ల గోడ మీదే రాసి ఉంటుంది. ఇంటి చుట్టూ పెద్ద పెద్ద బిల్డింగులు లేచాక కింద మాకు సిగ్నల్ పూర్తిగా పోయింది. అప్పుడు రవీందరే మా ఫోన్లలో ఏదో మార్చి, కాల్స్ వైఫై మీదుగా వచ్చేట్టు చేశాడు. ఫోన్లు మోగుతున్నాయి కదా, ఇక ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

మా అత్త బుచ్చమ్మకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. ఇద్దామంటే మా ఆయనదీ సరిపోలేదు, నాదీ సరిపోలేదు. చనిపోయినవాళ్ల కిడ్నీ దొరికితే పెడతామని దవాఖానవాళ్లు ఆమె పేరు రాసుకున్నారు. ఫోన్ వచ్చిన వెంటనే బయల్దేరాలి, మేం ఫోన్‌లో దొరక్కపోతే తర్వాతి మనిషిని పిలుస్తామని ముందే చెప్పారు. ఇంట్లో మేం ముగ్గురం, మూడు నంబర్లూ వాళ్ల దగ్గరున్నాయి. అత్త స్నానానికి వెళ్లినా ఫోన్ నా చేతిలో పెట్టి మరీ వెళ్లేది.

ఆమెను డయాలసిస్‌కు తిప్పాలంటే ఇంటి నుంచే పని చేసుకోవాలి. రవీందర్ అడిగితే ఆఫీసువాళ్లు సరేనన్నారు గానీ, కిరాయిదార్లంతా వాడే వైఫై మీద తమ పని కుదరదని మెలిక పెట్టారు. దాంతో ఈయన ఒక ఆదివారం పొద్దున్నే అటక మీది పాత కంప్యూటర్ దింపి, దుమ్ము దులిపి, ఫైర్‌వాల్ కడతానని కూర్చున్నాడు. ఇంటి ఇంటర్నెట్‌కు అది కాపలా అట. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో అదే చూస్తుందట. ఆఫీసుకు మాత్రం ఎవరికీ కనబడకుండా వీపీఎన్ అని వేరే దారి.

ఆయన సంగతి తెలిసిందే కదా. ముందు దారులన్నీ మూసేశాడు. తర్వాత అవసరమనుకున్నవి ఒక్కొక్కటే తెరిచాడు. పై వాళ్లకు వేరే లైన్ ఇచ్చాడు. మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్‌లో ఆఫీసు తెరుచుకుంది. మా ఫోన్లకు వాట్సాప్ మెసేజులు ఎప్పటిలాగే వస్తున్నాయి. ఇంకేం, ఆయన మొహం వెలిగిపోయింది. కోడికూర వడ్డిస్తుంటే, కొడుకు అంత నవ్వుతూ తినడం చూసి చాలా రోజులైందని అత్త మురిసిపోయింది.

సాయంత్రం పాలకని బయటికి వెళ్లాను. గల్లీ మలుపు తిరిగానో లేదో, చేతిలో ఫోన్ ఆగకుండా టింగు టింగుమంది. అన్నీ మిస్డ్ కాల్ మెసేజులే, అన్నీ దవాఖానవే. అక్కడే నిలబడి చేశాను. ప్రియదర్శిని అని, మా అత్త కేసు చూసే అమ్మాయి ఎత్తింది.

"పొద్దుటి నుంచి మీ మూడు నంబర్లకూ చేస్తూనే ఉన్నామండి. ఒక్కటీ కలవలేదు. ఇంక ఆగడానికి లేక తర్వాతి పేషెంట్‌ని పిలిచామండి. లోపల ఆపరేషన్ జరుగుతోంది."

ఆ తర్వాత ఆ అమ్మాయి ఏం చెప్పిందో నా చెవికెక్కలేదు. పాల సంగతే మరిచిపోయి ఇంటికి పరుగెత్తాను. నా మాట వినగానే రవీందర్ ముగ్గురి ఫోన్లూ తీసి చూశాడు. ఒక్కదానిలోనూ సిగ్నల్ గీత లేదు, వైఫై మీద కాల్స్ వచ్చే గుర్తూ లేదు. కంప్యూటర్ ముందు కూలబడి ఏదో వెతికి, ఏదో మార్చాడు. కాసేపటికి ఫోన్లకు ప్రాణం వచ్చింది.

"వైఫై మీద కాల్స్ వచ్చే దారి నేనే మూసిన, ఉమా. వాట్సాప్ వస్తున్నదని కాల్స్ సూస్కోలే," అన్నాడు.

నాది అసలే పెద్ద నోరు. చిన్నదానికీ పెద్దదానికీ వీధి మొత్తానికి వినబడేట్టు అరుస్తాను. కానీ ఆ రోజు ఎవరి మీద అరవాలి? ఎవరిని తిట్టాలి? తల్లి కోసమే కదా ఆ పని మొదలుపెట్టాడు.

అత్త ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. కొడుకు వైపు చూడనేలేదు.

"ఆ కిడ్నీ ఎవలికన్న పెట్టిన్రా, ఊకెనే పోయిందా?" అని నన్నడిగింది.

ఎవరికో పెడుతున్నారని చెప్పాను. "మంచిగైంది తియ్," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ మాటతో రవీందర్ ఆమె ఒళ్లో తలపెట్టి బావురుమన్నాడు. తనను కొట్టమని, చంపెయ్యమని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అత్త అతని వీపు మీద చెయ్యి వేసింది గానీ, కాసేపటికే భుజం పట్టి లేపింది.

"ఏడ్సుకుంట కూసుంటె ఏమొస్తది? ఎవ్వలు ఫోన్ ఎత్తకపోతె ముసల్ది సచ్చిపోయిందనుకుంటరు. పేరు కొట్టేస్తరు. బతికే ఉన్నదని చెప్పిరా పో."

ఇంట్లో ఫోన్ మళ్లీ పనిచేస్తోంది. అయినా ఆయన దాన్ని పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీ మలుపు దాకా పరుగెత్తాడు. నేను వెనకాలే గేటు దాకా వచ్చి ఆగిపోయాను.

"మేడం, మా అమ్మ బతికే ఉన్నది. జర పేరు తియ్యకుండ్రి. బతికే ఉన్నది మేడం."