ఒసాకా బాటసారి జేబులో సుదాచీలు

కామియామా కొండల్లో ఇసోకిచి సుదాచీ పిండని పదార్థం ఏదైనా మిగిలి ఉందంటే, అది ఇంకా ఆయన కంట పడలేదని అర్థం.

సుదాచీ అనే ఆ పుల్లకాయ గోలీకంటే పెద్దది, నిమ్మకాయకంటే చిన్నది. పచ్చగా ఉన్నప్పుడే కోస్తారు. ఒక చెక్క పిండితే, వాన వెలిసిన కొండ తడికాళ్ళతో ఇంట్లోకి నడిచొచ్చినట్టుంటుంది. కాల్చిన చేప మీద అందరూ పిండుకుంటారు. ఇసోకిచి పాలల్లో పిండేవాడు. దగ్గుమందులో పిండేవాడు. పళ్ళ డాక్టరు పుక్కిలించమని గ్లాసుడు నీళ్ళిస్తే, "ఒక్క క్షణం ఆగండి" అని జేబులోంచి చెక్క తీశాడు.

కానిస్టేబుల్ కుసాకా గారి కంట్లో ఆ రసం మూడుసార్లు పడింది.

"కంటికి మంచిదండీ" అన్నాడు ఇసోకిచి.

"ఏ డాక్టరు చెప్పాడయ్యా?"

"మీరే చెబుతారు, మంట తగ్గాక."

ఒకసారి ఆయన బావమరిది సుదాచీని చూసి పొరపాటున 'కబోసు' అన్నాడు. కబోసంటే సముద్రం అవతల ఓయితా వాళ్ళ కాయ. లావుపాటిది, అదీ పుల్లనిదే. ఇసోకిచి మూడేళ్ళు బావమరిదితో మాట్లాడలేదు. ఏటా కొత్త సంవత్సరం కార్డు మాత్రం తప్పకుండా పంపాడు. అందులో రెండు కాయల బొమ్మలు, కింద ఒకే మాట: 'తేడా చూడుము.'

ఇవన్నీ ఊరు నవ్వుకుని వదిలేసింది. మినెకోకి మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ మనిషి రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చునేది వాళ్ళ ఉడోన్ నూడుల్స్ కొట్టులోనే. నలుగురూ ఒక పళ్ళెంలో తింటున్నప్పుడు మిగతా ముగ్గుర్నీ అడగనిదే ఎవరూ పులుపు పిండని దేశంలో, ఇసోకిచి ముక్కూమొహం తెలియని వాళ్ళ గిన్నెల్లో కూడా వంగి పిండేవాడు. మొదట్లో తన గిన్నెతో సరిపెట్టుకునేవాడు. ఈ రెండేళ్ళుగానే ఈ విపరీతం. మినెకో నిలబడి తినే గిన్నెని కూడా వదిలేవాడు కాదు.

వంట మినెకో తండ్రి కాన్‌బేది. నలభై ఏళ్ళుగా గరిటె ఇంకొకరి చేతికివ్వలేదు. కూతురు చారు రుచి చూడబోతే, "నన్ను అనుమానిస్తున్నావా?" అని మూతి ముడుచుకునేవాడు. కొత్త రోడ్డు పడ్డాక కార్లన్నీ కొండ అవతలినుంచే పోతున్నాయి. ఇరవై కుర్చీల్లో నాలుగు నిండితే పండగ. యాత్రికుల బస్సు ఒకటి ఇక్కడ భోజనానికి ఆగితే కొట్టు నిలుస్తుంది. ఆగకపోతే ఏడాది చివర మూసెయ్యాలి. గరిటె లేని తండ్రిని మినెకో ఊహించుకోలేకపోయింది.

బస్సు కంపెనీ తరఫున ఎతో గారు రుచి చూడటానికి వస్తున్నారని తెలిసిన రోజు, మినెకో ఇసోకిచిని పక్కకి పిలిచింది.

"బాబాయ్, రేపు ఒక్కరోజు మా కొట్టుకి రాకు."

"సరేనమ్మాయ్. కాయలు పంపించనా?"

"కాయలు కూడా వద్దు."

చేతులు ఇంట్లో పెట్టి తిరగమన్నట్టు చూశాడాయన. "రేపు మాత్రం అలా అనకే తల్లీ..." అని ఏదో చెప్పబోయి, వంటగది వైపు చూసి, మింగేశాడు.

మర్నాడు ఎతో గారు వచ్చారు. గిన్నె అందుకుని ఒక్క పోగు నోట్లో పెట్టుకున్నారు. చప్పుడు లేదు. ఉడోన్‌ని జుర్రున లాగకుండా తిన్నారంటే వంటవాడికి అంతకంటే తిట్టు లేదు. రెండో పోగు. అదీ నిశ్శబ్దమే. తండ్రి అటు తిరగగానే మినెకో చారులో వేలు ముంచి నాలుకకి రాసుకుంది. చారు కాదు, వాననీళ్ళు! ఉప్పు జాడే లేదు.

అప్పుడే తలుపు పక్కకి జరిగింది. గడ్డిటోపీ, నల్లకళ్ళద్దాలు, ముక్కు దాకా మాస్కు, ఆడవాళ్ళ పూలపూల వానకోటు వేసుకున్న ఒక ఆకారం లోపలికొచ్చింది. కోటు జేబులు రెండూ ఉబ్బి ఉన్నాయి.

"నేను ఒసాకా నుంచి వచ్చిన బాటసారిని" అందా ఆకారం.

మూల కూర్చున్న కుసాకా గారు గబుక్కున రెండు చేతులతో కళ్ళు మూసుకున్నారు.

బాటసారి తిన్నగా ఎతో గారి పక్కకొచ్చి గిన్నెలో రెండు చెక్కలు పిండేశాడు.

"ఏమిటండీ ఇది! అడగకుండా?"

"అడిగితే వద్దంటారు కదండీ."

ఎతో గారు కోపంగా, గిన్నెని శిక్షిస్తున్నట్టు, ఒక పోగు లాగారు. జుర్రు! ఆగారు. ఇంకో జుర్రు! ఆ తర్వాత కొట్టంతా సెలయేరు పారినట్టు మోగింది. గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు.

"అద్భుతం! మాది ఓయితా అండీ. ఇది మా కబోసే కదూ?"

చారు కూడా ఉడకటం ఆపినట్టయింది. బాటసారి మాస్కు మూడుసార్లు లోపలికి పీల్చుకుపోయి, మూడుసార్లు ఉబ్బింది. బస్సు పోయిందనుకుని మినెకో కళ్ళు మూసుకుంది.

బాటసారి నడుం వంచి నమస్కరించాడు. "అవునండీ. కబోసే. అంత మంచి కాయ మా వైపు ఎక్కడ పండుతుందండీ?"

కుసాకా గారి చేతిలోంచి నూడుల్స్ తినే పుల్లలు కింద పడ్డాయి.

వారానికి రెండు బస్సులు ఆపిస్తానని చెప్పి ఎతో గారు వెళ్ళిపోయారు. మినెకో పెరట్లోకి పరిగెత్తింది. ఇసోకిచి బోర్లించిన తొట్టి మీద కూర్చుని, ఆ మాట అన్న నోటిని సుదాచీ రసంతో పుక్కిలిస్తున్నాడు.

"బాబాయ్, చారులో ఉప్పు లేదని నీకు తెలుసా?"

"రెండేళ్ళ కిందట మీ నాన్నకి జలుబు చేసింది చూడు. అది పోతూ పోతూ ముక్కునీ నాలుకనీ వెంట తీసుకుపోయింది. పులుపు తగిలితే నాలుక ఉప్పు అడగటం మరిచిపోతుందమ్మాయ్."

"అందుకని రెండేళ్ళు అందరి చేతా తిట్లు తింటావా? నాన్నకి చెప్పొచ్చుగా!"

"చెబితే గరిటె దించేస్తాడు. దించితే పొద్దస్తమానం మా ఇంటికొచ్చి పాటలు పాడతాడు. వాడి పాట నువ్వు వినలేదు."

మినెకో లోపలికొచ్చేసరికి కాన్‌బే గరిటె తిప్పుతూ గొణుగుతున్నాడు.

"ఆ వానకోటు పిచ్చోడు పోయాడా? వాడి పులుపుకి సరిపోవాలని ఉప్పు తగ్గించి వండుతున్నా, తెలుసా? లేకపోతే వెధవ మనసు చిన్నబుచ్చుకుంటాడు. వాడితో అనకు."

ఆయన వెనక పొయ్యి మీద చేప మాడి నల్లటి పొగ కక్కుతోంది. ఆయన ముక్కు ఒక్కసారి కూడా అటు తిరగలేదు.

"అననులే నాన్నా" అని మినెకో చప్పుడు కాకుండా పొయ్యి ఆర్పింది.

తర్వాతి గిన్నె కుసాకా గారిది. మినెకో ఆప్రన్ జేబులోంచి ఒక చెక్క తీసి, ఆయన్ని అడక్కుండా, గిన్నె మీదికి వంగి గట్టిగా పిండింది.

"అయ్యయ్యో, మీరు కూడానా మినెకో గారూ!" అని అరిచారు కుసాకా గారు, కన్ను నలుపుకుంటూ.

"కంటికి మంచిదండీ" అంది మినెకో.