నేను మిగిల్చిన నాలుగు నిమిషాలు

నాలుగు నిమిషాలు మిగల్చబోయి పద్దెనిమిది మంది పిల్లల్ని పస్తు పెట్టిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. అంత ఘోరానికి దుర్బుద్ధి కూడా అక్కర్లేదండీ. లెక్కల్లో ఎమ్మే, చేతిలో ఎర్ర సిరా కలం ఉంటే చాలు.

కాలువ నీళ్ళొచ్చి మాన్వి చుట్టుపక్కల వరి పచ్చబడుతున్న రోజులవి. నేను రాయచూరు కాలేజీలో పాఠాలు చెబుతూ బస్సు టైముల మీద పరిశోధన మొదలుపెట్టాను. మా ప్రొఫెసరుగారు మొదట్లోనే హెచ్చరించారు.

"ఒంటరిగా కూర్చుని రాస్తే ఒప్పుకోను. బస్సులు నడిపేవాళ్ళతో కలిసి పనిచెయ్. నీ టైము పట్టీని వాళ్ళు నడిపి, సరిగ్గా ఉందంటేనే నీకు డాక్టరేటు."

కలిసి పనిచెయ్యడమంటే వాళ్ళ బల్ల మీద నా మోచేతులు ఆనించుకోవడమని అర్థం చేసుకున్నాను. ఆ బల్ల మాన్వి బస్టాండులో ఉండేది. దాని వెనక టైంకీపరు నర్సప్ప. నా వయసెంతో ఆయన సర్వీసు అంత.

"సార్, ఒక్కపారి బండ్ల కూసోని కాల్వ దాంక పోయి రా" అన్నాడు మొదటిరోజే.

"ఎందుకన్నా? టికెట్ల లెక్కలన్నీ ఈడనే ఉన్నయి గద" అన్నాను. నెత్తిన ఫ్యాను తిరుగుతుంటే కాలువ గట్టు ఎండ ఎవడిక్కావాలి?

నెల్లాళ్ళు టికెట్లు లెక్కపెట్టి పెద్ద దొంగను పట్టేశాను. గోదావరి వైపు నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్నవాళ్ళ ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. అలాంటి ఒక క్యాంపు దగ్గర పదకొండు గంటల బస్సు రోజూ నాలుగు నిమిషాలు ఆగుతోంది. ఎక్కినవాళ్ళు సున్నా. నెల మొత్తానికీ సున్నా!

"నర్సప్పన్నా, ఈ స్టాపు తీసేద్దాం."

ఆయన ముఖం మాడిపోయింది. "అది ముట్టకు సార్."

"ఎందుకు?"

"గట్లనే."

"గట్లనే అని రాస్తే మా ప్రొఫెసరు ఊకుంటడా?"

"రాసేది కాదు సార్ అది. నా మాట ఇను."

"ఒక్క టికెట్ చూపియ్యన్నా, ఇంట."

పాపం, చూపించలేకపోయాడు. నేను గెలిచాననుకున్నాను. ఈలోగా నేను పంపిన సూచనకు పై ఆఫీసు నుంచి 'వారం రోజులు నడిపి చూడండి' అని కాగితం కూడా వచ్చింది. నర్సప్ప నిట్టూర్చి సంతకం పెట్టాడు.

మొదటిరోజు నేను అరవీశ మైసూరుపాకు పట్టుకుని బస్టాండుకు వెళ్ళాను. అప్పటికే పన్నెండుకల్లా హోటల్లో సుష్టుగా భోంచేశాను. బస్సు సరిగ్గా నాలుగు నిమిషాలు ముందొచ్చింది!

"చూసినవా అన్నా!"

"చూస్తున్న సార్" అన్నాడు. ఆయన చూసేది బస్సును కాదు, స్కూలు దారిని.

స్కూలు గంట మోగింది. పది నిమిషాల్లో పద్దెనిమిది మంది పిల్లలు బల్ల చుట్టూ మూగారు.

"నర్సప్ప తాతా, మా క్యారేజీలేయి?"

అప్పుడు తెలిసింది నాకు. క్యాంపు తల్లులు వేడివేడి అన్నం క్యారేజీల్లో సర్ది రోజూ ఆ బస్సుకు అందిస్తారు. కండక్టరు వాటిని డ్రైవరు సీటు వెనక వరసగా పెట్టుకుని మాన్వి తెస్తాడు. బస్సెక్కేది మనుషులు కాదు, అన్నం. అన్నానికి టికెట్ లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టేవాళ్ళు నాకంటే నయం. నేను కొండను తవ్వి పిల్లల కంచాలు లాక్కున్నాను.

మైసూరుపాకు ఒక్క నిమిషంలో మాయమైంది. ఆకలి రుచి ఎరుగదంటారు కానీ, టైము మాత్రం నా గడియారం కంటే బాగా ఎరుగుతుంది. చిన్నవాడొకడు ఏడుపు మొదలుపెట్టాడు. వాణ్ణి చూసి మరో ఇద్దరు అందుకున్నారు.

రెండు గంటలకు ఎడ్లబండి మీద క్యారేజీలన్నీ వచ్చాయి. వాటితోపాటు సుబ్బాయమ్మగారనే పెద్దావిడ దిగింది.

"ఎవరయ్యా బస్సు ఆపొద్దన్నది?"

"సంతకం నాదేనమ్మా" అని నర్సప్ప లేచి నిలబడ్డాడు.

"నీ సంగతి నాకు తెలవదా? నీచేత పెట్టించిందెవరు?"

నేను టికెట్ల పుస్తకం వెనక దాక్కున్నాను. అది చాల్లేదు.

"నేనేనమ్మా."

క్యారేజీ విసురుతుందనుకున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి మెల్లగా అడిగింది. "భోంచేశావా బాబూ?"

"తిన్ననమ్మా."

"ఎన్నింటికి?"

"పన్నెండుకు."

"మరి మా మనవడు తినొద్దా?"

విసిరినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లలు మెట్ల మీద కూర్చుని చల్లారిన అన్నం తింటుంటే వాళ్ళకు మంచినీళ్ళు అందించింది నేనే.

అందరూ వెళ్ళాక ఆవేశంగా కలం తీశాను. "ఉన్నదున్నట్టు రాస్తనన్నా. క్యారేజీల కోసం బస్సు ఆగాల్నని రాస్త."

నర్సప్ప కలం లాక్కున్నాడు. "పుణ్యముంటది సార్! మనిషి లేని సామాన్ పైస తీస్కోకుంట ముఫ్త్‌ల తెచ్చుడు కాయిదాకు ఖిలాఫ్, రూల్ ఒప్పదు. నువ్వు రాస్తే కండక్టర్ నౌకరీ పోతది. అందుకే గద నేను నోరు మూసుకున్నది!"

రాయకపోతే పిల్లలకు అన్నం లేదు, రాస్తే కండక్టరుకు లేదు. అబద్ధం రాస్తే నా డాక్టరేటు గోవిందా. తల పట్టుకున్నాను. నర్సప్ప బీడీ వెలిగించుకున్నాడు.

"ఇంజన్‌ల నీళ్ళు పొయ్యాలె గద సార్. కాల్వ పక్కనే ఉన్నది."

"నాలుగు నిమిషాలా?"

"ముసలి ఇంజన్. మెల్లగ తాగుతది."

అదే రాశాను. ఇద్దరం కలిసి చేసిన మొదటి పని అదే. మర్నాడే బస్సు మళ్ళీ క్యాంపు దగ్గర ఆగింది. ప్రొఫెసరుగారు కాగితం చదివి పొంగిపోయారు. "చూశావా! ఇలాంటి సంగతి పుస్తకాల్లో దొరుకుతుందా? పనివాళ్ళతో కలిస్తే వచ్చేది ఇదీ!" డాక్టరేటు వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఏడాది తిరక్కుండా పై ఆఫీసు హుకుం జారీ చేసింది. నా శాస్త్రీయ సూచన ప్రకారం కాలువ వెంట పోయే పదకొండు గంటల బస్సులన్నీ ప్రతి క్యాంపు దగ్గరా నీళ్ళ కోసం నాలుగు నిమిషాలు ఆగాలట. ఆ నెల దిగిన కొత్త బస్సు కూడా, నిండా నీళ్ళు పెట్టుకుని, బుద్ధిగా ప్రతి క్యాంపు దగ్గరా ఆగి నిలబడింది. అన్నిచోట్లా అమ్మలు క్యారేజీలతో సిద్ధంగా ఉన్నారు.

కనుక సమస్త టైంకీపర్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ సున్నానూ, అది భోంచేసిందో లేదో కనుక్కోకుండా కొట్టెయ్యను.